అమ్మ మింగిన మాత్ర

పిల్లలూ,

అమ్మ మందు వేసుకుంటే కడుపులో బిడ్డకెందుకు తగులుతుందని మొన్న అడిగారు కదా. ఫోనులో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

1938లో ఇంగ్లండులో చార్లెస్ డాడ్స్ బృందం ఒక మందు తయారుచేసింది. పేరు నోరు తిరగదు గానీ అందరూ డీఈఎస్ అంటారు. ఆడవాళ్ల ఒంట్లో ఊరే ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుంది, పైగా చవక. గర్భం నిలవదేమోనని భయపడే తల్లులకు అమెరికా డాక్టర్లు దీన్ని తెగ రాసిచ్చారు. షికాగో యూనివర్సిటీ వాళ్లు కొందరు గర్భిణులకు ఇది, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. గర్భం నిలవడంలో ఇది ఏ సాయమూ చేయలేదని 1953లో తేల్చారు. అయినా మరో పద్దెనిమిదేళ్లు రాస్తూనే ఉన్నారు! నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇక మీ ప్రశ్న. రెండు చూపుడువేళ్లు పక్కపక్కన ఆనించి, కొసలు మాత్రం విడదీయండి. కడుపులో ఉన్న ఆడపిల్లకు మొదట గర్భసంచి ఉండదు, ఇలాంటి రెండు సన్నటి గొట్టాలుంటాయి. మూడో నెల చుట్టుపక్కల కింది భాగాలు కలిసి గర్భసంచి అవుతాయి, పైన విడిగా మిగిలినవి అండవాహికలు. డీఈఎస్, తల్లి నుంచి బిడ్డకు ఆహారం అందించే మాయను దాటి వెళ్లి సరిగ్గా ఈ పనిని చెడగొట్టింది. పుట్టిన పిల్లను చూస్తే ఏ లోపమూ కనబడదు. పెళ్లయి, పిల్లలు కలగక ఎక్స్‌రే తీయిస్తే, తలకిందులు త్రికోణంలా ఉండాల్సిన గర్భసంచి లోపలి ఖాళీ ఇంగ్లిషు టీ అక్షరంలా కనబడేది. అందరికీ అలా కాలేదులెండి. 2011లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో, తల్లి కడుపులో ఉండగా ఈ మందు సోకిన ఆడవాళ్లలో నూటికి 33 మందికి సంతానం కలగడం కష్టమైంది. సోకనివాళ్లలో అది 15 చిల్లర. గర్భం వచ్చినా పోవడం, నెలలు నిండకముందే కాన్పు కావడం కూడా ఎక్కువే.

అసలు గుట్టు బయటపడింది మాత్రం ఇంకో జబ్బు వల్ల. బోస్టన్‌లో పడుచుపిల్లలకు యోనిలో అరుదైన క్యాన్సర్ కనబడింది. వాళ్లలో ఒకమ్మాయి తల్లి, "కడుపుతో ఉన్నప్పుడు నేను వేసుకున్న మందు వల్లనా?" అని డాక్టర్ని అడిగింది. మిగతా తల్లుల్నీ విచారిస్తే, ఎనిమిది మందిలో ఏడుగురు అదే మందు వేసుకున్నారు. 1971 ఏప్రిల్‌లో ఆ సంగతి అచ్చయింది. నవంబరులో అక్కడి ప్రభుత్వం గర్భిణులకు ఇవ్వొద్దంది.

షికాగో తల్లులకైతే తాము మింగుతున్నది ఏమిటో కూడా చెప్పలేదు. పాతికేళ్ల తర్వాత, 1975 చివర్లోనో ఆ మరుసటి ఏడాదో, యూనివర్సిటీ నుంచి ఉత్తరాలు వచ్చాక తెలిసింది. అప్పటికి వాళ్ల కూతుళ్లు పెళ్లీడు పిల్లలు.

మీ
అమ్మమ్మ