ముల్లు దగ్గర పిసినారితనం, పెట్టె దగ్గర దుబారా: టర్న్‌టేబుల్ అపోహలు - వాస్తవాలు

రికార్డులు తిప్పి పాట వినిపించే టర్న్‌టేబుల్ కొనాలనుకునేవారు నన్ను మొదట అడిగేది “ఏ కంపెనీ మంచిది?” అని. నేను తిరిగి అడిగేది “మీ ఇంట్లో ఏ రికార్డులున్నాయి?” అని. కొందరికి ఈ ఎదురు ప్రశ్న చిరాకు తెప్పిస్తుంది. కానీ తాతగారి పెట్టెలోని 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి), నాన్నగారు కొన్న సినిమా పాటల చిన్న 45లు (45 చుట్లవి), మొన్న తెప్పించుకున్న కొత్త ఎల్‌పీ (33⅓ చుట్ల పెద్ద రికార్డు), ఇవన్నీ ఒకే ముల్లుకు లొంగవు. ఈ యంత్రాలను విప్పి బిగించడమే నా పని కాబట్టి, నా బల్ల మీదికి పదే పదే వచ్చే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: 78 వేగం ఉన్న ప్లేయర్ అయితే చాలు, 78 రికార్డులు వేసుకోవచ్చు.

వేగం సగం సంగతే. ఎల్‌పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు. 78కి కావలసినది సుమారు 75. ఆ వెడల్పాటి గాడిలో ఎల్‌పీ ముల్లు గోడలకు ఆనుకోదు, అడుగున పడి దొర్లుతుంది. అక్కడ దశాబ్దాల దుమ్ము, అరుగుదల పొడి తప్ప ఏముంటుంది? ఆ గరగర విని రికార్డు పాడైపోయిందనుకుంటారు. పారేద్దామనుకున్న నాటక పద్యాల రికార్డులను ఒక పెద్దాయన నా దగ్గరికి తెచ్చారు. సరైన ముల్లు మార్చి వేస్తే రాగం, దమ్ము, హార్మోనియం అన్నీ బయటికి వచ్చాయి. ఆయన కుర్చీలోంచి లేవలేదు. ఆడియో-టెక్నికా వీఎం95 లాంటి కార్ట్రిడ్జ్‌లో (ముల్లు అమర్చి ఉండే, దాని కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే చిన్న భాగం) ముల్లు ఒక్కటే ఊడదీసి 78ల ముల్లు పెట్టుకోవచ్చు. గాడి మీద ముల్లు ఆనే బరువు మాత్రం ఆ ముల్లుకు చెప్పినంతకు మార్చుకోవాలి. అన్నట్టు, 78లను ఆల్కహాల్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి, ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

అపోహ: అమెరికా నుంచి తెచ్చిన పాత ప్లేయర్‌కు ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుంది.

పిల్లలు అక్కడ ఉన్న ఇళ్లలో ఇది తరచూ చూస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 110కి దించుతుంది, అంతే. కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చలేదు. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. పాత ఏసీ మోటార్లు చాలావరకు ఆ ఫ్రీక్వెన్సీ లెక్కనే తిరుగుతాయి. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన పళ్లెం ఇక్కడ 28 కూడా తిరగదు. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది, గాయని గొంతు గాయకుడి గొంతవుతుంది. 50 హెర్ట్జ్‌కు సరిపోయే పెద్ద పుల్లీ దొరికితే మార్చవచ్చు, ప్రతి మోడల్‌కూ దొరకదు. అడాప్టర్‌తో నడిచే డీసీ మోటారు ప్లేయర్లకు ఈ బాధ లేదు. కొనేముందు వెనక అంటించిన చీటీ చదవండి: ఒట్టి 60 అని ఉందా, 50/60 అని ఉందా?

అపోహ: ముల్లు ఎంత తేలిగ్గా ఆనితే రికార్డుకు అంత మేలు.

ఇది అందరూ నమ్మేదే, నేనూ ఒకప్పుడు నమ్మాను. బరువు తక్కువైతే ముల్లు గాడిలో నిలవక ఎగిరెగిరి గోడలను కొడుతుంది, ఆ దెబ్బలు రికార్డు మీద శాశ్వతంగా ఉండిపోతాయి. ఓర్టోఫోన్ 2ఎం రెడ్‌కు కంపెనీ చెప్పేది 1.8 గ్రాములు. ఆ అంకె చుట్టూ ఉండండి. దీనికి వ్యతిరేకమైన పాపం కూడా ఉంది: ముల్లు జారుతోందని ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ను మోసే చెయ్యి) మీద రూపాయి బిళ్ల పెట్టడం. ఇప్పటి రూపాయి బిళ్ల బరువే మూడు గ్రాములకు పైమాట! చిన్న డిజిటల్ తూకం కొన్ని వందల రూపాయలకే వస్తుంది. వేలు పోసి టర్న్‌టేబుల్ కొన్నవారు దీని దగ్గర వెనకాడతారు. బరువు సర్దుకునే వీలే లేని సూట్‌కేస్ ప్లేయర్లను నేను సిఫారసు చేయను. అలాగని ఒక్కసారి వేస్తే రికార్డు కోసుకుపోతుందన్న భయమూ అనవసరం. నష్టం పదే పదే వేయడం వల్లే.

అపోహ: శబ్దం పీలగా వస్తోందంటే యాంప్లిఫయర్‌కు బలం చాలట్లేదు.

మామూలు మూవింగ్ మాగ్నెట్ (ముల్లుతో పాటు చిన్న అయస్కాంతం కదిలే రకం) కార్ట్రిడ్జ్ ఇచ్చేది మూడు నుంచి ఐదు మిల్లీవోల్టులు. పైగా గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. లేకపోతే బేస్‌కు గాడి మరీ వెడల్పై పాటలు పట్టవు. యాంప్లిఫయర్‌కు ముందుండే ఫోనో ప్రీయాంప్ అనే సర్క్యూట్ ఆ తగ్గింపును, పెంపును తిరగేసి, సిగ్నల్‌ను సుమారు వంద రెట్లు పెంచుతుంది. ప్రీయాంప్ లేకుండా కలిపితే పాట సన్నగా, చప్పగా ఉంటుంది. టర్న్‌టేబుల్‌లో ఒకటి ఉండగా యాంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్‌కు (అక్కడా ఒక ప్రీయాంప్ ఉంటుంది) కలిపితే అదే పని రెండుసార్లు జరిగి పగిలిన బొంగురు వస్తుంది. టర్న్‌టేబుల్ వెనక ప్రీయాంప్‌ను వేసే, ఆపే చిన్న స్విచ్ చూడకుండా స్పీకర్లు మార్చేసినవారున్నారు.

అపోహ: డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా పళ్లెం తిప్పేది) డీజేలకు, బెల్టు (మోటారు బెల్టుతో తిప్పేది) రసికులకు.

టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200ను 1972లో ఇళ్లలో వినేవారి కోసమే తెచ్చారు, డీజేలు తర్వాత సొంతం చేసుకున్నారు. రెండు పద్ధతుల్లోనూ మంచివీ ఉన్నాయి, నాసివీ ఉన్నాయి. బెల్టు ఏళ్లు గడిస్తే సాగుతుంది, మార్చుకోవాలి. ఈ వాదన మీద ఇంతకుమించి సమయం దండగ.

అపోహ: వజ్రపు ముల్లు, అరగదు.

అరుగుతుంది. ఆడియో-టెక్నికా తన ఎలిప్టికల్ (కోలగా చెక్కిన మొన) ముల్లుకు 300 గంటలు, మైక్రోలీనియర్‌కు (ఇంకా సన్నగా చెక్కిన మొన) 1,000 గంటలు చెబుతుంది. రోజుకో గంట వింటే మొదటిది ఏడాది నిండకుండానే అయిపోతుంది. పాత ప్లేయర్ కొంటే ధరలో కొత్త ముల్లు ఖర్చు కూడా కలుపుకోండి.

అపోహ: దుకాణంలో మొదటి పాట బాగా వినిపిస్తే సెట్ మంచిదే.

ఎల్‌పీ అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అంతే శబ్దం అంత ఇరుకు జాగాలో కిక్కిరిసిపోతుంది. అమరిక తప్పినా, ముల్లు అరిగినా ముందు బయటపడేది అక్కడే: “స”కారాలు ఉమ్మినట్టు వస్తాయి, గొంతు అంచులు చిరుగుతాయి. మీకు బాగా తెలిసిన రికార్డును వెంట తీసుకెళ్లి, పక్క చివరి పాట పూర్తిగా వినిపించమనండి. రెండో పక్క చివరి పాట కూడా.