పశ్చిమ గోడ దగ్గరికి ఆ తెర ఎప్పుడొచ్చింది?

జెరూసలేంలో యూదులకు పవిత్రమైన పశ్చిమ గోడ దగ్గర మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క ప్రార్థన చేస్తారు. మధ్యలో అడ్డుతెర. ఆడవాళ్ల వైపు చోటు బాగా తక్కువ. అనాదిగా ఇంతేనని చాలామంది అనుకుంటారు. కానీ వందేళ్ల కిందటి ఫోటోల్లో, గోడ ముందున్న సన్నని సందులో ఆడా మగా పక్కపక్కనే కనిపిస్తారు.

క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేసిన యూదుల ఆలయ ప్రాంగణానికి హేరోదు రాజు కట్టించిన గోడలో భాగమిది. పైన అల్-అక్సా మసీదు ఉంది కాబట్టి ఇక్కడ చిన్న మార్పు చేసినా టెన్షనే. 1928లో యోమ్ కిప్పూర్ (యూదుల ప్రాయశ్చిత్త ఉపవాస దినం) రోజున యూదులు తెర కడితే, పాత కట్టుబాటుకు విరుద్ధమని అప్పట్లో అక్కడ పాలిస్తున్న బ్రిటిష్ వాళ్ల పోలీసులు పీకేశారు. ఆ గొడవ రగులుతూనే ఉండి, 1929 ఆగస్టు అల్లర్లకు దారితీసింది. 133 మంది యూదులు, 116 మంది అరబ్బులు చనిపోయారు.

1948 నుంచి 1967 వరకు ఆ ప్రాంతం జోర్డాన్ చేతిలో ఉంది. యూదులకు ప్రవేశం లేదు. 1967 జూన్ యుద్ధంలో ఇజ్రాయెల్ దాన్ని గెలుచుకుంది. కొద్ది రోజుల్లోనే గోడ ముందున్న మొరాకో వాడ అనే అరబ్బుల బస్తీని నేలమట్టం చేసి మైదానంగా మార్చింది. ఇల్లు పోగొట్టుకున్న ఆ కుటుంబాలను వదిలేసి ఈ గోడ కథ చెప్పడం న్యాయం కాదు. ఆ తర్వాత గోడ నిర్వహణ సనాతన రబ్బీల (యూదు మతగురువుల) చేతికి వెళ్లింది. తెర శాశ్వతమైంది.

1988 డిసెంబరులో కొందరు స్త్రీలు అక్కడ యూదుల పవిత్ర గ్రంథం తోరా చదవబోతే తిట్లు, దాడులు ఎదురయ్యాయి. పోరాటం కోర్టులకెక్కింది. మామూలుగా మగవాళ్లు వేసుకునే ప్రార్థన శాలువాను స్త్రీలు కప్పుకోవడం నేరం కాదని 2013లో జిల్లా కోర్టు చెప్పింది. 2016 జనవరిలో ప్రధాని నెతన్యాహు మంత్రివర్గం, గోడ దక్షిణ భాగంలో ఆడా మగా కలిసి ప్రార్థించే చోటును విస్తరించడానికి ఒప్పుకుంది. 2017 జూన్‌లో అదే ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని పక్కన పెట్టేసింది.

కారణం సీట్ల లెక్క. 120 స్థానాల పార్లమెంటులో ఇంతవరకు ఏ ఎన్నికల్లోనూ ఏ పార్టీకీ ఒంటరిగా మెజారిటీ రాలేదు. షాస్, యునైటెడ్ తోరా జుడాయిజం వంటి సనాతన పార్టీలు తప్పుకుంటే నెతన్యాహు ప్రభుత్వం పడిపోయేది. ఆడా మగా కలిసి ప్రార్థించే సంప్రదాయాల యూదులు అమెరికాలో లక్షల్లో ఉన్నారు, కానీ వాళ్లకు ఇజ్రాయెల్‌లో ఓటు లేదు. నా దృష్టిలో ఇది మతశాస్త్రం తేల్చిన విషయం కానే కాదు. అందరూ ఒకే ద్వారం గుండా లోపలికి వచ్చి, ఎవరికి నచ్చిన వైపు వాళ్లు వెళ్లాలన్నది 2016 ఒప్పందంలో ముఖ్యమైన మాట. ఆ ద్వారం కాగితం మీదే ఆగిపోయింది.