గంటల గోపురంలో లెక్కలు

అమ్మలూ, చంటీ,

ఇంగ్లండ్ పల్లెటూరి చర్చి గంటల వీడియో చూసి, "తాతయ్యా, ఇన్ని గంటలు పెట్టుకుని ఒక్క పాటా వాయించరేంటి, గజిబిజిగా కొడుతున్నారు" అని ఫోన్‌లో అడిగారు కదా. ఫోన్‌లో తెమిలే సంగతి కాదు, అందుకే రాస్తున్నా. మీకు గజిబిజిగా వినిపించింది పక్కా లెక్కర్రా!

ముందు గంట సంగతి చెప్పాలి. దాన్ని కంచుతో పోస్తారు. సుమారు నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. తగరం అంత పడితేనే ఖంగుమంటుంది, కానీ లోహం పెళుసవుతుంది. ఫిరంగికి మోతతో పనిలేదు, పేలినప్పుడు బద్దలు కాకుండా ఉంటే చాలు. అందుకని దాంట్లో తగరం పదోవంతే వేసేవారు. మన ఆబిడ్స్ దగ్గరి గన్‌ఫౌండ్రీ ఉంది చూడండి, 18వ శతాబ్దం చివర్లో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోయించిన చోటు అది. (మూసారాంబాగ్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఆయన వల్లే.) అక్కడికి దగ్గర్లోనే సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్, దాని గోపురాల్లో ఇటలీ నుంచి తెప్పించిన గంటలు. ఒకే పేటలో ఫిరంగీ, గంటా! యూరప్‌లో యుద్ధం వచ్చినప్పుడల్లా గంటలకు గండమే. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు లక్షన్నరకు పైగా గంటలు దించుకుపోయారు, లోహం కోసం.

ఇక ఆ పల్లె గోపురం ఎక్కుదాం. గంట పక్కన పెద్ద చక్రం, దాని గాడిలో తాడు ఉంటాయి. తాడు కింది గదిలోకి వేలాడుతుంది. మొదలుపెట్టే ముందు గంటను ఊపి ఊపి, నోరు ఆకాశంవైపు తిరిగేలా నిలబెడతారు. తర్వాత ఒక్కసారి లాగితే గంట దాదాపు నిండు చుట్టు తిరిగి, మళ్లీ నోరు పైకెత్తి ఆగుతుంది. చుట్టుకో దెబ్బ, అంతే. అర టన్ను బరువున్న గంటైనా ఒడుపు తెలిస్తే సన్నపాటి మనిషి మోగించగలడు. ఒడుపు తెలియక, వదలాల్సినప్పుడు తాడు వదలకపోతే మాత్రం అది మనిషినే పైకి లేపేస్తుంది.

మీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. అంత బరువు చుట్టు తిరుగుతుంటే, దాన్ని కాస్త ముందుకు జరపొచ్చు, లేదా కాస్త ఆపొచ్చు. పాటకు కావాల్సినట్టు ఒకే గంటను టకటకా మూడుసార్లు కొట్టమంటే కుదరదు. వాళ్లకు చేతనైందల్లా ఒక వరసలో పక్కపక్కన మోగే గంటల చోట్లు మార్చడం. సరే, దాంతోనే ఆడుకుందాం అనుకున్నారు 17వ శతాబ్దపు ఇంగ్లండ్ కుర్రాళ్లు. ఫేబియన్ స్టెడ్‌మన్ అనే ఆయన 1677లో ఈ విద్య మీద పుస్తకమే వేశాడు.

గంటలకు అంకెలుంటాయి. అన్నిటికంటే తేలికైంది, సన్నగా మోగేది ఒకటో గంట. మూడే ఉన్నాయనుకోండి. 123, 213, 231, 321, 312, 132, మళ్లీ 123. ప్రతిసారీ పక్కపక్కవే చోటు మార్చుకున్నాయి, ఏ వరసా రెండోసారి రాలేదు. మూడింటికి 6 వరసలు. ఆరింటికి 720. ఏడింటికి 5,040, ఆపకుండా మోగిస్తే మూడు గంటలసేపటి పని. ఎనిమిదింటికి 40,320! 1963లో లఫ్‌బరోలో ఎనిమిది మంది మనిషి మారకుండా దాదాపు 18 గంటలసేపు మోగించి అది కూడా పూర్తి చేశారు. తిండీ నిద్రా మానేసి ఇదేం పిచ్చి అంటుంది మీ నానమ్మ. నాకైతే వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది, ఎందుకంటే చేతిలో కాగితం ఉండదు, వరసలన్నీ నోటికి రావాల్సిందే. పన్నెండు గంటలున్న గోపురమైతే 47 కోట్ల 90 లక్షల పైచిలుకు వరసలు. ముప్పై ఏళ్లకు పైనే పడుతుంది, కాబట్టి ఆ ఊసు ఎవరూ ఎత్తరు.

ఇదంతా భక్తితో చేశారనుకోకండి. పాత రోజుల్లో గంటలు మోగించేవాళ్లలో చాలామందికి ఇదొక పందెం లాంటి ఆట. గోపురం గదిలో బీరు కూజాలు పెట్టుకునేవారు, ప్రార్థన మొదలయ్యేసరికి జారుకునేవారు. ఫాదర్లకు వాళ్లతో తగువే.

ఊరికి మాత్రం గంటే కబురు. ఎవరైనా పోతే కొన్ని ఊళ్లలో మగవాళ్లకు మూడు మూళ్లు, ఆడవాళ్లకు మూడు రెళ్లు కొట్టి, ఆ తర్వాత వయసెంతో అన్ని దెబ్బలు కొట్టేవారు. పొలంలో ఉన్నవాడు లెక్కపెట్టుకుని ఎవరో పోల్చుకునేవాడు. 1940 జూన్‌లో బ్రిటన్ ప్రభుత్వం గంటలు మోగించొద్దంది. మోగితే శత్రువు దేశంలో దిగాడని గుర్తు. 1942 నవంబరులో ఈజిప్టులోని ఎల్ అలమైన్ యుద్ధంలో గెలిచినందుకు ఒక్కరోజు మోగనిచ్చి, మరుసటి ఏడాది ఆంక్ష ఎత్తేశారు.

చుట్టు తిరిగే ఇలాంటి గంటలు చూడాలంటే ఇంగ్లండే పోనక్కర్లేదు, పుణెలో హోలీ నేమ్ చర్చి గోపురంలో ఎనిమిది ఉన్నాయి. ఈలోగా నాలుగు స్టీలు గ్లాసుల్లో వేరువేరు ఎత్తుల్లో నీళ్లు పోసి, చెంచాతో 24 వరసలూ కొట్టండి. 1234తో మొదలై 1234తో ముగియాలి, మధ్యలో ఏదీ మళ్లీ రాకూడదు. వరసలు కాగితం మీద రాసి నాకు ఫొటో పంపండి. చంటీ, అక్కది చూసి రాయకు.

మీ తాతయ్య
హైదరాబాద్