ఉబ్బసం పిల్లల భుజాలు

సంక్రాంతి సెలవులకు అమలాపురం దగ్గర మా పుట్టింటికి వెళ్లినప్పుడు, అరుగు మీద కూర్చున్న మా తమ్ముడి కూతుర్ని చాలాసేపు చూశాను. తొమ్మిదేళ్ల పిల్ల, మూడేళ్లుగా ఉబ్బసం. ఆ రోజు ఆయాసమేమీ లేదు. అయినా భుజాలు రెండూ చెవుల దాకా ఎగబట్టి, మెడ ముందుకు చాచి, వీపు వంచి కూర్చుంది. "నిటారుగా కూర్చోవే" అని మా అమ్మ పొద్దుటి నుంచి పదిసార్లు అని ఉంటుంది. పాపం, అది పిల్ల బద్ధకం కాదు. ఉబ్బసం పట్టించిన అలవాటు.

ఉబ్బసం అంటే గాలి లోపలికి పోదనుకుంటాం. అసలు చిక్కంతా ఎక్కువగా వదలడంలోనే ఉంది. శ్వాసనాళాల లోపలి పొర వాచి, చుట్టూ ఉన్న కండరం బిగిసి దారి సన్నబడుతుంది. పీల్చినప్పుడు ఛాతీతో పాటు ఆ నాళాలూ కాస్త విచ్చుకుంటాయి. వదిలేటప్పుడు ముడుచుకుంటాయి. పిల్లికూతలు ఎక్కువగా అప్పుడే వినిపిస్తాయి. పాత గాలి లోపలే ఉండిపోయి ఛాతీ ఉబ్బుతుంది. దాని అడుగున గొడుగులా ఉండే డయాఫ్రం చదునైపోతుంది. మామూలుగా ఊపిరి పీల్చే పని చాలావరకు చేసేది ఆ గొడుగే. దానికి పట్టు తప్పితే మెడ కండరాలు, భుజాల కండరాలు సాయానికి వస్తాయి. ఆయాసం వచ్చిన పిల్లలు మంచం పట్టె పట్టుకుని ముందుకు వంగేది ఇందుకే. అప్పుడు వాళ్లను అలాగే ఉండనివ్వండి, ఆ భంగిమ వాళ్లకు సాయమే చేస్తుంది. ఆయాసం తగ్గాక కూడా భుజాలు దిగకపోతేనే మనం పట్టించుకోవాలి.

మర్నాడు పిల్లను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు మడిపించి, పొట్ట మీద ఎక్కాల పుస్తకం పెట్టాను. పీల్చినప్పుడు పుస్తకం లేవాలి. లేవలేదు. మెడ నరాలు లేచాయి. "ముందు ఖాళీ చెయ్యమ్మా" అని, కొబ్బరాకుతో చిన్న ఫ్యాన్ చేసి ఈనెపుల్లకు గుచ్చి ఇచ్చాను. పెదాలు సున్నాలా చుట్టి, అది ఆగకుండా తిరిగేలా మెల్లగా ఊదడం. రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో పీల్చడం, నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలడం. మూడో రోజుకి పుస్తకం కదిలింది. తర్వాత గోడకు వీపు ఆనించి చేతులు మెల్లగా పైకెత్తడం, గూడలు వెనక్కి లాగి వదలడం. ఒంట్లో బాగున్న రోజుల్లో పూటకు ఐదు నిమిషాలు చాలు. కళ్లు తిరిగితే ఆపేయాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇవేవీ నాళాల వాపు తగ్గించవు. ఆ పని డాక్టరు రాసిన ఇన్హేలర్‌దే. నూర్పిళ్ల దుమ్ము, వరిగడ్డి కాల్చిన పొగ, భోగిమంట, వానాకాలం గోడలకు పట్టే బూజు, మన డెల్టాలో ఉబ్బసాన్ని రేపడానికి ఇన్ని ఉండగా వ్యాయామం ఉందని మందు మానేస్తే ప్రమాదం. పిల్ల మాట పూర్తి చేయలేకపోయినా, డొక్కలు ఎగరేసినా, పెదాలు నీలంగా మారినా ఫ్యాన్లు, పుస్తకాలు పక్కన పెట్టి, ఆయాసం తగ్గించే ఇన్హేలర్ ఇస్తూ ఆసుపత్రికి పరుగెత్తాలి.

అలాగని ఆటలు మాన్పించకండి. పది నిమిషాలు మెల్లగా ఒళ్లు వేడెక్కించుకుని మొదలుపెడితే చాలామంది పిల్లలు హాయిగా ఆడతారు. ఈత మరీ మంచిది, నీటి మీద గాలి తేమగా ఉంటుంది కాబట్టి. పెద్దవాళ్లు పక్కన ఉండాలి, అంతే. చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉన్న అమెరికా ఈతగత్తె అమీ వాన్ డైకెన్ 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో నాలుగు బంగారు పతకాలు గెలిచింది.

నేను బయల్దేరేనాటికి కూడా మా పిల్ల భుజాలు కొంచెం ఎత్తుగానే ఉన్నాయి. మా అమ్మ మాత్రం "నిటారుగా కూర్చో" అనడం మానేసింది. కొబ్బరాకు ఫ్యాన్ చేతికిచ్చి, "ఊదవే, నేను లెక్కపెడతాను" అంటోంది.