మూత తీసే ముందు

కాశీనగరం స్టేషన్ వచ్చేదాకా క్యారియర్ మూత తీయకూడదన్నది మా అమ్మ పెట్టిన నియమం. ఒడిశాలోని గుణుపురంలో ఉన్న అమ్మమ్మ ఇంటికి ఎండాకాలం సెలవుల్లో వెళ్ళేటప్పుడు నౌపడలో బండి ఎక్కేవాళ్ళం. టెక్కలి దాటేది, పాతపట్నం దాటేది, పర్లాకిమిడి వచ్చేసరికి ప్లాట్‌ఫాం మీద బోర్డులో ఒడియా అక్షరాలు కనబడేవి. పిల్లలం ముగ్గురం అమ్మ ఒళ్ళో ఉన్న మూడు గిన్నెల క్యారియర్ కేసే చూస్తూ కూర్చునేవాళ్ళం. అందులో ఏముందో మాకు తెలుసు. పొద్దున్న వంటింట్లోనే చూశాం. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, పెరుగన్నం, పై గిన్నెలో నాలుగు అరిసెలు. తెలిసి కూడా కడుపులో ఏదో గిలిగింత. ఇన్నేళ్ళ తర్వాత ఆలోచిస్తే, ఆ ప్రయాణాల్లో కూర రుచి కన్నా ఆ మూత తీయబోయే క్షణమే నాకు స్పష్టంగా గుర్తుంది.

అప్పట్లో అది చిన్న పట్టాల బండి. పర్లాకిమిడి రాజు గౌరచంద్ర గజపతి చొరవతో 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి ఆ మార్గం మొదలైంది. రెండు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లే. 1931 నాటికి గుణుపురం దాకా సాగింది. మొత్తం కలిపి 90 కిలోమీటర్లు. 2011లో పెద్ద పట్టాల మీద మళ్ళీ బండి నడవడం మొదలైంది. చిన్న బండి నెమ్మదిగా పోయేది, అందుకే మా ఎదురుచూపు కూడా పొడుగ్గా సాగేది.

ఎదురుచూపు గురించి మెదడు శాస్త్రం చెప్పే కథ 1990లలో స్విట్జర్లాండ్‌లోని ఫ్రిబూర్గ్‌లో మొదలైంది. వోల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతుల మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాల విద్యుత్ సంకేతాలను వింటున్నాడు. కోతి నోట్లో పళ్ళరసం చుక్క పడగానే ఆ కణాలు గట్టిగా స్పందించేవి. ఇందులో వింతేమీ లేదు. రసం రావడానికి కాస్త ముందు ఒక దీపం వెలిగించడం అలవాటు చేశాక మాత్రం ఫలితం మారిపోయింది. ఇప్పుడు కణాలు దీపం వెలిగినప్పుడే స్పందిస్తున్నాయి. రసం పడినప్పుడు అంతకుముందున్న ఉద్రేకం లేదు. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో ఆ కణాల చప్పుడు మామూలు కన్నా తగ్గిపోయింది. అంటే అవి లెక్క కడుతున్నది రసాన్ని కాదు. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న తేడాను. 1997లో షుల్ట్జ్, పీటర్ డయన్, రీడ్ మాంటేగ్ కలిసి ఈ లెక్కను గణిత రూపంలో పెట్టారు.

నాకు ఆ దీపం టెక్కలి స్టేషను.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. డోపమైన్‌ను 'ఆనంద రసాయనం' అని వార్తల్లో రాసేస్తుంటారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ బృందం 1989లో చూపించినది దానికి ఎదురు. తీపి తగలగానే ఎలుక నాలుక చాచి మూతి నాక్కుంటుంది, పసిబిడ్డ చేసినట్టే. డోపమైన్ దాదాపు పూర్తిగా తీసేసినా ఎలుకలు అలాగే నాక్కున్నాయి. కానీ తిండి కోసం కదలాలన్న తపన లేదు, ఎదురుగా గిన్నె ఉన్నా ఆకలితో మాడిపోతాయి. కావాలనుకోవడం వేరు, ఇష్టపడి అనుభవించడం వేరు. కోరికను నడిపే డోపమైన్ దారులు మెదడులో విశాలంగా పరుచుకుని ఉన్నాయి. అనుభవాన్ని తియ్యగా చేసే చోట్లు మటుకు చాలా చిన్నవి. ఎలుక మెదడులో అలాంటి ఒక చోటు ఘన మిల్లీమీటరు మాత్రమే. అక్కడ పనిచేసేది శరీరం తనలో తనే తయారుచేసుకునే నల్లమందు లాంటి పదార్థాలు. కోరిక అంత పెద్దదై, సుఖం ఇంత చిన్న చోట ఉండటం తెలిశాక నాకు ఫోను తెర మీద వేలు ఎందుకు ఆగదో అర్థమైంది. ఆ తపనకు అంతు ఉండదు, నాలుక మీద తీపి మాత్రం ఎక్కడా తగలదు.

ఇప్పుడు కూర దగ్గరికి రావాలి. ఆవ పెట్టడం ఉత్తరాంధ్ర వాళ్ళకీ ఒడిశా వాళ్ళకీ ఉమ్మడి విద్య. మేము ఆవ అంటాం, గుణుపురంలో పక్కింటి ఒడియా పిన్ని ఆవాలూ వెల్లుల్లీ కలిపి నూరి బేసర అంటుంది. ఆవగింజను ఊరికే అరచేతిలో పెట్టుకుని వాసన చూడండి, ఏమీ ఉండదు. నల్ల ఆవగింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరో అరలో ఉంటాయి. గింజ పగిలి, నీరు తగిలి, రెండూ కలిసినప్పుడే ఘాటు పుడుతుంది. పురుగు కొరికితే దాని నోరు మండాలని మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఆ ఘాటు పేరు అల్లైల్ ఐసోథయోసయనేట్. వేడి తగిలితే ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు పుట్టదు. పుట్టిన ఘాటు కూడా ఆవిరైపోతుంది. పదేళ్ళ వయసులో నేను ఒకసారి నూరిన ఆవ ముద్దను ఉడుకుతున్న కూరలో వేయబోతే అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఏటి పిల్లా, ఆవ పొయ్యి మీద మరిగిస్తావేటి? దించీసి, సల్లారాక కలపాల" అంది. మైరోసినేజ్ పేరు ఆవిడ ఎన్నడూ వినలేదు. ఆ ఎంజైమ్ ఏం కోరుతుందో ఆవిడ చేతికి తెలుసు.

మిరపకాయ కారం నోట్లోనే ఉండిపోతుంది, అది గాలిలోకి అంత సులువుగా లేవదు. ఆవ ఘాటు అలా కాదు, లేచి ముక్కులోకి, కళ్ళ వెనక్కి పోతుంది. దాన్ని పట్టుకునేది టీఆర్‌పీఏ1 అనే గ్రాహకం. అది రుచి చెప్పేది కాదు, హాని కలిగించేదేదో తగిలిందని నొప్పి నరానికి కబురు చెప్పేది. మిరపకాయకు స్పందించే టీఆర్‌పీవీ1 దాని చుట్టమే. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. మరి నొప్పిని ఇష్టంగా తింటామెందుకు? మనస్తత్వవేత్త పాల్ రోజిన్ దీన్ని చాలా ఏళ్ళు పరిశీలించాడు. ఒళ్ళు 'ప్రమాదం' అని అరుస్తుంటే, ఇందులో ప్రమాదమేమీ లేదని మనసుకు తెలిసి ఉండటం, ఆ రెండింటి మధ్య ఖాళీలోనే ఆ సుఖం పుడుతుందని అతని వివరణ. ఇక్కడ కూడా మళ్ళీ అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాయే.

మూసిన క్యారియర్‌లో ఏం జరుగుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు. లేచిన ఘాటు బయటికి పోయే దారి లేక గిన్నె పైభాగంలో నిలిచి ఉంటుంది. కూరలోని చింతపండు పులుపు ఆ ఘాటు త్వరగా చెదరకుండా కొంత కాపు కాస్తుంది. కాశీనగరంలో అమ్మ మూత తీయగానే మొదటి ముద్ద మా ముక్కులే తినేవి. ఆ తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని నములుతుంటే అదే వాసన గొంతు వెనక నుంచి మళ్ళీ ముక్కులోకి ఎక్కుతుంది. రుచి అని మనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇలా వెనకదారిన వచ్చే వాసనే. జలుబు చేసినప్పుడు అన్నం చప్పగా ఉండేది ఇందుకే.

మూడు గిన్నెల్లో మూడు రకాలు పెట్టడం వెనక కూడా ఒక సంగతి ఉంది. 1981లో బార్బరా రోల్స్, ఆమె సహచరులు గమనించినది ఇది: ఒకే పదార్థం తింటూ పోతే దాని మీది ఇష్టం త్వరగా తగ్గిపోతుంది, తినని పదార్థం మీది ఇష్టం దాదాపు అలాగే ఉంటుంది. కూర ఇంకొద్దు అన్న పిల్ల అరిసె అనగానే చెయ్యి చాపేది అందుకే. దీన్ని తిండిపోతుతనం అని కసురుకోవడం తప్పు. ఇక్కడ అలిసిపోయింది నాలుక, కడుపు కాదు.

గుణుపురంలో పొద్దున్నే చద్దన్నం పెట్టేవారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి ఉంచితే లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఆ నీటిని పులియబెడతాయి. ఆ పుల్లటి నీళ్ళను మనం తరవాణి అంటాం, ఒడియాలో తొరాణి. రెండు ఇళ్ళ మధ్య గోడ ఉన్నా మాట గోడ దాటి వచ్చినట్టే వినిపించేది నాకు. ఒడిశాలో చద్దన్నాన్ని పఖాళ అంటారు, మార్చి 20న పఖాళ దినం అని జరుపుకుంటారు. మా అమ్మమ్మ ఇంట్లో ఎండాకాలమంతా ఆ దినమే.

సంగీతం దగ్గర ఈ ఎదురుచూపు సంగతి ఇంకా తేటగా కనబడుతుంది. కోరాపుట్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళినప్పుడు ఢెంసా చూశాను, అరకులో మనం థింసా అనే నాట్యానికి చుట్టం. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వంపుగా కదులుతుంటే డోళ్ళు, మొహురి మోగుతున్నాయి. మొహురి మన సన్నాయి లాంటిది. ఉన్నట్టుండి డోలు ఆగిపోయింది. రెండు క్షణాలు, అంతే. పాదాలు గాలిలో ఆగాయి. మళ్ళీ దెబ్బ పడగానే నా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి.

2011లో కెనడాలోని మాంట్రియల్‌లో వాలొరీ సలింపూర్, రాబర్ట్ జటోర్ బృందం సరిగ్గా ఇలాంటి క్షణాన్నే కొలిచింది. మనుషులు తమకు ఇష్టమై, విన్నప్పుడల్లా ఒళ్ళు జలదరించే పాటలను తామే తెచ్చుకున్నారు. మెదడును రెండు రకాల యంత్రాలతో చూశారు. జలదరింపు క్షణంలో న్యూక్లియస్ అక్యుంబెన్స్ అనే చోట డోపమైన్ విడుదలైంది. అంతకు కొన్ని సెకన్ల ముందు, ఆ ఘట్టం వస్తోందని తెలిసినప్పుడు, కాడేట్ అనే వేరే చోట విడుదలైంది. రాబోయేదానికి ఒక గది, వచ్చినదానికి మరో గది. వెయ్యిసార్లు విన్న పాట పాతబడకపోవడానికి ఇదొక కారణం అని నాకనిపిస్తుంది. పాటంతా కంఠతా వచ్చినా మొదటి గదికి పని ఉంటూనే ఉంటుంది. 2014లో మరియా విటెక్ బృందం దరువుల మీద చేసిన పరిశీలన కూడా ఇటే చూపుతుంది. పూర్తిగా ఊహకు అందే దరువు కాళ్ళను కదిలించదు, అసలు అంతుపట్టనిదీ కదిలించదు. మధ్యలో, అక్కడక్కడా దెబ్బ తప్పించి వేసేదానికే ఒళ్ళు ఊగుతుంది.

చెవి మాట వచ్చింది కాబట్టి పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి గారిని తలుచుకోకుండా ఉండలేను. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. సవర భాషను సవరల నోటి నుంచే నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం ఇచ్చారు. కొండల్లో తిరిగి మలేరియా పట్టి, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. క్వినైన్ ఎక్కువైతే లోపలి చెవిని దెబ్బతీస్తుంది. ఒక భాష పలుకుబడిని వినడానికి వెళ్ళిన మనిషి ఇచ్చుకున్న మూల్యం అది. ఆ దారిలో రైలెక్కినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.

అమ్మమ్మ ఇంట్లో ఒక శాలువా ఉండేది, నియమగిరి కొండల్లోని డొంగ్రియా కొంధు తెగ స్త్రీలు కుట్టే కపడాగండా. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలూ త్రికోణాలూ. త్రికోణాలు కొండలకు గుర్తు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అచ్చు వేసిన బట్టను ఒకసారి చూస్తే చాలు, కళ్ళు దాటిపోతాయి. దీని మీద మాత్రం ఆగుతాయి. ఎనిమిది త్రికోణాలు ఒకేలా వస్తాయి, తొమ్మిదోది చేతి కుట్టు కాబట్టి వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది. కన్ను మెత్తగా అటు తిరుగుతుంది. పోలికా, క్రమమూ ఉన్నదాన్ని మెదడు సులువుగా చదువుకుంటుందనీ, ఆ సులువే కంటికి ఇంపుగా తోస్తుందనీ ఒక వివరణ ఉంది. మరీ సులువైతే విసుగు, మరీ చిక్కయితే అలసట, మధ్యస్థంగా ఉన్నదే నచ్చుతుందని మనస్తత్వవేత్త డేనియల్ బెర్లిన్ 1971లోనే వాదించాడు. దరువు విషయంలో చూసిందే ఇది. మన వాకిట్లో ముగ్గు కూడా అంతే. చుక్కలు లెక్క ప్రకారం, గీత మాత్రం వేళ్ళ ఇష్టప్రకారం.

ప్రయాణం గురించి చెప్పవలసింది కొంచెమే. 2010లో నెదర్లాండ్స్‌లో 1,530 మందిని అడిగి చూస్తే, విహారయాత్రకు వెళ్ళబోయేవాళ్ళు వెళ్ళని వాళ్ళకన్నా సంతోషంగా ఉన్నారు. వెళ్ళొచ్చాక చాలామందిలో ఆ తేడా మిగల్లేదు. 2011లో అక్కడే మరో బృందం తిరుగు ప్రయాణం మీద పని చేసింది. దూరం, సమయం ఒకటే అయినా తిరిగొచ్చే దారి 17 నుంచి 22 శాతం తక్కువగా అనిపించిందట. పోయేటప్పుడు 'త్వరగా చేరిపోతాం' అని వేసుకున్న అంచనా తప్పుతుంది, దాంతో తిరిగొచ్చేటప్పుడు చాలాసేపు పడుతుందని ముందే అనుకుంటాం. అందుకే అది పొట్టిదవుతుంది. చిన్నప్పుడు గుణుపురం నుంచి నౌపడకు బండి తొందరగా వచ్చేసేది. అది సెలవులు అయిపోయిన దిగులు వల్ల అనుకునేదాన్ని.

ఇప్పుడు నేనే గుణుపురంలో ఉంటున్నాను. రేపు నా చెల్లెలు పిల్లలతో నౌపడలో బండి ఎక్కుతోంది. పనసకాయ తెచ్చి పెట్టాను. ఆవాలు పొద్దున్నే నూరతాను, కూర చల్లారాకే కలుపుతాను. స్టేషనుకు క్యారియర్ పట్టుకెళ్ళాలనుకుంటున్నాను, ఇల్లు పావుగంట దూరమే అయినా.