గుండ్రంగా గీసిన పువ్వు కోలగా ఎందుకు వస్తుంది?

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొత్తగా కొన్నవాళ్లకు మొదట్లోనే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. స్క్రీన్ మీద పువ్వు చక్కగా గుండ్రంగా ఉంటుంది. గుడ్డ మీద కుట్టేసరికి కాస్త కోలగా మారుతుంది. దాని చుట్టూ వేసిన అంచు ఒకవైపు పువ్వును ఆనుకుని ఉంటే, ఇంకోవైపు సన్నటి సందు మిగిలి అందులోంచి గుడ్డ కనబడుతుంది. గుడ్డను బిగించిన ఫ్రేమ్ విప్పాక చుట్టూ ముడతలు తేలతాయి, ఇస్త్రీ చేసినా పోవు. వెంటనే మెషిన్ మీద అనుమానం వస్తుంది. టెన్షన్, అంటే దారం బిగుతు, తిప్పి చూస్తారు, డిజైన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేస్తారు. చాలాసార్లు లోపం ఈ రెండింటిలోనూ ఉండదు. గుడ్డ కింద పెట్టాల్సిన స్టెబిలైజర్ పెట్టకపోవడమో, ఆ గుడ్డకు నప్పనిది పెట్టడమో జరిగి ఉంటుంది. దుకాణంలో బ్యాకింగ్ పేపర్ అంటే ఇచ్చేది దీన్నే.

సూది కిందికి దిగినప్పుడల్లా పై దారం అడుగున ఉండే బాబిన్ దారంతో పెనవేసుకుంటుంది. సూది పైకి లేచాక ఆ మెలిక బిగుసుకుంటుంది. ఆ బిగింపులో కుట్టు రెండు కొసలూ రవ్వంత దగ్గరికి జరుగుతాయి. మామూలు కుట్టులో ఒకటే వరుస కాబట్టి ఇది పెద్దగా తెలియదు. ఎంబ్రాయిడరీలో వరుస పక్కన వరుస పడుతూనే ఉంటుంది. 40 నంబర్ దారంతో ఒక ఆకారాన్ని నింపేటప్పుడు వరుసల మధ్య దూరం మామూలుగా 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే 25 మిల్లీమీటర్ల చదరంలో దాదాపు 62 వరుసలు, అంత చిన్న చోట ఒకటిన్నర మీటరు దారం. అదంతా ఒకే దిశలో బిగుసుకుని గుడ్డను లాగుతుంది. కుట్టు నడిచిన దిశలో పువ్వు కుంచించుకుపోతుంది. అడ్డదిశలో మాత్రం పక్కపక్కన ఇరుక్కున్న దారాలు ఒకదాన్నొకటి నెట్టుకోవడంతో పువ్వు కొంచెం జరిగి పెరుగుతుంది. గుండ్రం కోలగా మారేది ఇందువల్లే. డిజైన్ చేసేవాళ్లు ఇది తెలిసే, కుట్టు దిశలో ఆకారాన్ని కాస్త పెంచి గీస్తారు. సాఫ్ట్‌వేర్‌లో దాన్ని పుల్ కాంపెన్సేషన్ అంటారు. కానీ మీరు ఏ గుడ్డ మీద కుడతారో వాళ్లకెలా తెలుస్తుంది?

గుడ్డ స్వభావం చూద్దాం. నేత గుడ్డను పడుగు వెంట లాగితే దాదాపు సాగదు, పేక వెంట కొద్దిగా సాగుతుంది. ఐమూలగా లాగితే మాత్రం పోగుల మధ్య చదరాలు వాలిపోయి బాగా సాగుతుంది. క్రాస్ కటింగ్ బ్లౌజ్ ఒంటికి అతికినట్టు కుదిరేది ఈ గుణంతోనే. టైలర్‌కు కలిసొచ్చే ఆ గుణమే ఎంబ్రాయిడరీకి అడ్డం తిరుగుతుంది. ఎందుకంటే తీగలూ ఆకులూ ఉన్న డిజైన్‌లో కుట్లు అన్ని దిశల్లోనూ నడుస్తాయి, ఏదో ఒక దిశలో గుడ్డ లొంగిపోతుంది. టీషర్టు గుడ్డ నేసింది కాదు, ఉచ్చులు ఉచ్చులుగా అల్లింది. అది ఎటు లాగినా సాగుతుంది.

బ్యాకింగ్ పేపర్‌లో పడుగూ పేకా ఉండవు. పోగులను అడ్డదిడ్డంగా పరిచి, వేడితోనో జిగురుతోనో అతికించి చేసిన నాన్‌వోవెన్ అది. మంచి రకమైతే ఎటు లాగినా ఒకే రకంగా ఆగుతుంది. కొనేముందు చిన్న ముక్క తీసుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. చవక రకం ఒకవైపు సర్రున చిరిగి, రెండోవైపు మొండికేస్తుంది. అంటే దానిలో పోగులు ఎక్కువగా ఒకే దిశలో పడి ఉన్నాయి. అదే వాడక తప్పకపోతే రెండు పొరలు తీసుకుని, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టాలి. బట్టల షాపులో ఇచ్చే నాన్‌వోవెన్ సంచిని కత్తిరించి కింద పెట్టడం మాత్రం వద్దు. అవి ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేసినవి. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీలు దాటుతుండగానే కరుగుతుంది, ఇస్త్రీ పెట్టె కాటన్ సెట్టింగ్‌లో 200 డిగ్రీల దాకా పోతుంది. ఇస్త్రీ తగిలిన రోజు డిజైన్ వెనక ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

స్టెబిలైజర్లలో ముఖ్యమైనవి రెండు: కుట్టాక చింపేసే టేర్‌అవే, చుట్టూ కత్తిరించి లోపలే ఉంచేసే కట్‌అవే. శ్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగ్ కొడతాం, గట్టిపడ్డాక విప్పేస్తాం. లోపలి ఇనుప చువ్వలు మాత్రం శ్లాబుతోపాటే ఉండిపోతాయి. టేర్‌అవేది సెంట్రింగ్ పని, కట్‌అవేది చువ్వల పని. గుడ్డ తనంతట తాను కుట్టును మోయగలిగితే మొదటిది చాలు. మోయలేకపోతే రెండోది కావాలి. టీషర్టు కింద టేర్‌అవే పెడితే మెషిన్ మీద ఉన్నంతసేపూ అందంగానే ఉంటుంది. చింపేశాక ఆ బరువంతా సాగే గుడ్డ మీద పడి, నాలుగు ఉతుకులకే డిజైన్ ముడుచుకుంటుంది. కొత్తవాళ్లు ఒకే రకం కొనగలిగితే, మధ్యస్థమైన బరువున్న కట్‌అవే, అంటే చదరపు మీటరుకు 70 నుంచి 85 గ్రాములది, కొనుక్కోమని చెబుతాను. దాని వల్ల చెడేవి తక్కువ.

మన దగ్గర ఈ మెషిన్లు ఎక్కువగా కుట్టేది బ్లౌజులే కాబట్టి వాటి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. పట్టు బ్లౌజ్ పీస్ బిగుతైన నేత, పెద్దగా సాగదు. పలచటి డిజైన్‌కు టేర్‌అవే సరిపోతుంది. కానీ మెడ చుట్టూ దట్టంగా కుట్లు పడే పని అయితే కట్‌అవేనే మేలు, ఎందుకంటే చింపేటప్పుడు పడే లాగుడుకు పట్టు పోగులు జరుగుతాయి. చింపక తప్పనప్పుడు కుట్టు అంచున ఎడమ బొటనవేలు నొక్కిపెట్టి, ఒక్కో పొరనూ విడిగా, కుట్టు వైపుకే చింపాలి. పట్టులో సూది పడిన రంధ్రం తేలిగ్గా మూసుకోదు. కుట్టు విప్పితే చుక్కలు మిగిలిపోతాయి, కాబట్టి పట్టు మీద ప్రయోగాలు వద్దు. నీటిలో కరిగే స్టెబిలైజర్లూ ఉన్నాయి, వాటినీ పట్టుకు దూరంగా ఉంచాలి. నీళ్లు పడితే మరకలు తేలే పట్టు, రంగు దిగే పట్టు చాలా ఉన్నాయి. జార్జెట్, షిఫాన్ లాంటి వాటికి ఇంకో ఇబ్బంది: తెల్లటి పేపర్ పైకి కనబడుతుంది. వాటికి మెత్తటి, పలచటి మెష్ రకం కట్‌అవే గుడ్డకు దగ్గర రంగులో దొరికితే అది వాడాలి. లైనింగ్ కలిపి కుడుతున్నాం కదా, ఇంకేం అక్కర్లేదు అనుకునేవాళ్లున్నారు. లైనింగ్ కూడా పడుగు పేకల గుడ్డే, ఐమూలగా అదీ సాగుతుంది. కొంత సాయం చేస్తుంది గానీ దట్టమైన డిజైన్‌ను మోయలేదు.

నెట్ మీద కుట్టడానికి నీటిలో కరిగే షీట్ అవసరం. తువాలు మీదైతే అడుగున మామూలు బ్యాకింగ్ ఉంచి, పైన కూడా ఈ కరిగే ఫిల్మ్ పరవాలి. లేకపోతే తువాలు నూగు కుట్ల మధ్యలోంచి పైకి పొడుచుకొస్తుంది. ఈ కరిగే షీట్, ఫిల్మ్ పాలీవినైల్ ఆల్కహాల్ అనే పాలిమర్‌తో చేసినవి, అది 1924లో జర్మనీలో తయారైంది. వడ్రంగులు వాడే తెల్ల జిగురులోని పాలీవినైల్ అసిటేట్ నుంచి అసిటేట్ భాగాలను తొలగిస్తే ఇది వస్తుంది. ఎంత శాతం తొలగించారన్న దాన్నిబట్టి దీని గుణం మారుతుంది. 88 శాతం దగ్గర ఆపితే చల్లటి నీళ్లలోనే కరుగుతుంది. 98 శాతం దాటితే అణువుల గొలుసులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, వేడి నీళ్లు పోస్తే గానీ వదలవు. షీట్ కరగడం లేదని ఫిర్యాదు చేసేముందు అది ఏ రకమో ప్యాకెట్ మీద చూడాలి. గాలిలో తేమను కూడా ఇది పీల్చుకుంటుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో విప్పి పెడితే మెత్తబడిపోతుంది, జిప్ కవర్‌లో దాచుకోవాలి.

కుట్టింది ఉండాలి, కింద ఉన్నది కరగాలి అన్న ఆలోచన ఈ పాలిమర్ కంటే పాతది. స్విట్జర్లాండ్‌లో ఇసాక్ గ్రోబ్లి 1863లో షిఫ్లీ ఎంబ్రాయిడరీ యంత్రం కనిపెట్టాడు. 1880ల్లో ఆ యంత్రాల మీద పట్టు గుడ్డపై నూలు దారంతో కుట్టి, తర్వాత పట్టును రసాయనాలతో కరిగించి లేసు తీసేవారు. గుడ్డంతా మాయమై కుట్టు ఒక్కటే మిగిలేది. కుట్లు ఒకదాన్నొకటి పట్టుకునేలా డిజైన్ గీయకపోతే చేతిలో దారాల ఉండ మిగులుతుంది. నాకు ఈ పనితనం మీద చాలా గౌరవం.

ఇక ఫ్రేమ్ ఎక్కించడం. గుడ్డ బిగుతుగా ఉండాలని చెబితే చాలామంది ఫ్రేమ్ బిగించాక అంచులు పట్టుకుని ఇంకా లాగుతారు. అలా సాగదీసిన గుడ్డ మీద కుట్లు పడతాయి. ఫ్రేమ్ విప్పగానే గుడ్డ పాత కొలతకు వచ్చేస్తుంది, కుట్లు రావు, ఆ తేడా అంతా ముడతలవుతుంది. బిగుతుగా ఉండాల్సింది బ్యాకింగ్. గుడ్డ దాని మీద ముడత లేకుండా, పడుగు పేకలు తిన్నగా ఉండేలా పరుచుకుంటే చాలు. పెద్ద చదరపు ఫ్రేముల్లో అంచుల మధ్యభాగం పట్టు తక్కువ. లోపలి రింగుకు నూలు టేపు చుడితే జారదు, పట్టు మీద నొక్కు మచ్చలూ తగ్గుతాయి.

టెన్షన్ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి సాటిన్ కుట్టుతో, అంటే పక్కపక్కనే దగ్గరగా పడే కుట్లతో, ఒక గీత వేసి తిరగేసి చూడండి. మధ్యలో మూడో వంతు బాబిన్ దారం, దానికి రెండు పక్కలా పై దారం కనబడితే టెన్షన్ ముట్టుకోవద్దు. సూది మామూలుగా 75 నంబర్ చాలు, జరీ దారానికి 90 వేసి వేగం తగ్గించాలి.

బ్లౌజ్ పీస్ మీద చెయ్యి పెట్టేముందు అదే రకం గుడ్డ ముక్క మీద 50 మిల్లీమీటర్ల వృత్తం ఒకటి నింపి, నిలువుగా, అడ్డంగా స్కేలుతో కొలవండి. ఒకవైపు 48, ఇంకోవైపు 50 వచ్చిందంటే బ్యాకింగ్ చాలలేదన్నమాట. ఇంకో పొర వేసో, బరువైనది మార్చో మళ్లీ కుట్టి చూడాలి. గుడ్డ ఏదో, కింద ఏం పెట్టారో, ఎన్ని పొరలో ఆ ముక్క మీదే పెన్నుతో రాసి దాచుకోండి. నూలు గుడ్డ అయితే ఆ ముక్కను ఉతికి ఆరేసి మళ్లీ కొలవాలి. నూలు నీళ్లలో కుంచించుకుంటుంది, పాలిస్టర్ దారం కుంచించుకోదు. అందుకే మంగళగిరి కాటన్ లాంటివాటిని ముందే తడిపి ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే ఫ్రేముకు ఎక్కించాలి.