ఈస్ట్ పేరు తేల్చడం: సీక్వెన్స్ పోలికపై అపోహలు - వాస్తవాలు

ఈస్ట్ ఏ జాతో తేల్చడానికి దాని డీఎన్ఏ అక్షరాల వరుసను (సీక్వెన్స్‌ను) తెలిసిన జాతుల వరుసలతో పోలుస్తాం. ల్యాబ్‌కి ఈస్ట్ శాంపిల్ పంపినవాళ్లు రిపోర్టు రాగానే అడిగేది ఒకటే: "ఎంత శాతం మ్యాచ్ అయింది?" దేనితో మ్యాచ్ అయిందని అడిగేవాళ్లు అరుదు. చాలా అపోహలు అక్కడి నుంచే మొదలవుతాయి.

అపోహ: మైక్రోస్కోప్, చక్కెర పరీక్షలు చాలు.

ఆకారం చూసి ఈస్ట్ అని చెప్పొచ్చు గానీ, ఏ జాతో చెప్పడం కష్టం. ఎక్కువ ఈస్టులు గుండ్రంగానో కోలగానో ఉండి, పక్కన మొగ్గ వేసుకుని కనిపిస్తాయి. అందుకే ఏ చక్కెరను వాడుకోగలదో చూసే కిట్లు వచ్చాయి. దగ్గరి చుట్టాల దగ్గర అవీ తడబడతాయి. కాండిడా ఆరిస్ అనే ఈస్ట్‌నే తీసుకోండి. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి నుంచి వేరుచేసి దీన్ని కొత్త జాతిగా వర్ణించారు. ఆ తర్వాత కూడా ఆస్పత్రి కిట్లు దీన్ని కాండిడా హీములోనీ అనో, రోడోటోరులా అనో చూపిస్తూ వచ్చాయి. అసలు పేరు సీక్వెన్స్ చదివితేనే బయటపడింది. ఇప్పుడు ప్రొటీన్ల బరువులను బట్టి జాతిని గుర్తించే మాల్డీ-టాఫ్ యంత్రాలు నిమిషాల్లో పట్టేస్తున్నాయి, అది కూడా వాటి లైబ్రరీలో ఆరిస్ ఉంటేనే.

అపోహ: ఈస్ట్ డీఎన్ఏ మొత్తం చదువుతారు.

అవసరం లేదు. రొట్టెల ఈస్ట్ జన్యుక్రమంలో దాదాపు 1.2 కోట్ల అక్షరాలుంటాయి. దాన్ని 1996లోనే పూర్తిగా చదివేశారు. గుర్తింపుకి మేం చదివేది సుమారు 600 అక్షరాలే. రైబోజోమ్ జన్యువులో డీ1/డీ2 అనే ముక్క అది. ప్రతి ఈస్ట్‌లోనూ ఉంటుంది, పైగా ఒక్కో కణంలో వంద దాకా కాపీలుంటాయి కాబట్టి పీసీఆర్ (ఆ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీయడం) సులువు. 1998లో ఈస్ట్ పరిశోధకులు కర్ట్జ్‌మన్, రాబ్నెట్ సుమారు 500 జాతుల్లో ఈ ముక్కను పోల్చి దారి వేశారు.

అపోహ: 99 శాతం వస్తే పేరు ఖాయం.

అన్నిటికన్నా ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. 600 అక్షరాల్లో ఒక శాతం అంటే 6 అక్షరాలు. కర్ట్జ్‌మన్, రాబ్నెట్ లెక్క ప్రకారం ఒకే జాతి స్ట్రెయిన్ల (ఆ జాతిలోని వేర్వేరు రకాల) మధ్య తేడా సాధారణంగా 0 నుంచి 3 అక్షరాలు. 6, అంతకన్నా ఎక్కువ తేడా ఉంటే వేరే జాతి అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే "99 శాతం" అని సంబరపడేది సరిగ్గా సరిహద్దు మీద నిలబడి!

ఇక పోల్చింది దేనితో? జెన్‌బ్యాంక్ అనే బహిరంగ సీక్వెన్స్ భాండాగారంలో ఎవరైనా సీక్వెన్స్ పెట్టొచ్చు, తప్పు పేరుతో పెట్టినవీ ఉన్నాయి. అందులో పోలికలు వెతికే బ్లాస్ట్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన జాబితాలో పైన కనిపించిన పేరు రాసేయకుండా, ఆ జాతి టైప్ స్ట్రెయిన్‌తో (ఆ పేరుకు ప్రామాణికంగా భద్రపరిచిన నమూనాతో) విడిగా పోల్చి చూడాలి. మొత్తం ముక్క కలిసిందా, 300 అక్షరాలే కలిసి 100 శాతం చూపిస్తోందా అన్నది కూడా చూసుకోవాలి.

అంతకంటే ముందు సీక్వెన్స్ చదివిన యంత్రం ఇచ్చే గ్రాఫ్ తెరవండి. అందులో ఒక్కో అక్షరం ఒక్కో రంగు శిఖరంగా కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అక్షరాలనే నమ్మేవాళ్లంటే నాకు భయం. మొదటి ముప్పై, నలభై అక్షరాలు ఎలాగూ గజిబిజిగా ఉంటాయి, కత్తిరించేయాలి. గుర్తింపుకి వాడే ఇంకో ముక్క ఐటీఎస్‌లో ఇంకో చిక్కుంది. కొన్ని ఈస్టుల్లో కాపీల మధ్య ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉంటుంది. అక్కడిదాకా చక్కగా విడివిడిగా నిలబడ్డ రంగు శిఖరాలు, ఆ చోటు దాటగానే చివరిదాకా ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. శాంపిల్ కలుషితమైందని పారేయకండి. అవతలి వైపు ప్రైమర్‌తో (చదవడం ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కతో) మళ్లీ చదివితే మిగతా సగం శుభ్రంగా రావచ్చు.

ఈ తేడాల నియమానికి లొంగనివీ ఉన్నాయి. క్లావిస్పోరా లుసిటానియే అనే ఈస్ట్‌లో పరస్పరం జతకట్టే స్ట్రెయిన్ల మధ్యే డీ1/డీ2 తేడాలు 6 దాటిపోతాయి. లాగర్ బీర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం. అందులో ఒక పక్షమైన సాకరోమైసిస్ యూబయానస్ 2011లో గానీ దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవుల్లో దొరకలేదు. ఇలాంటి సంకరాన్ని ఒక్క ముక్క చదివి తేల్చలేం.

అపోహ: పేర్లు మార్చడం పనిలేని పని.

లైంగిక దశ కనబడని ఈస్టుల్ని చాలాకాలం కాండిడాలో వేసేశారు, చిరునామా లేని ఉత్తరాలన్నీ ఒకే పెట్టెలో పడేసినట్టు. సీక్వెన్సులు పోల్చాక అవి ఎక్కడెక్కడి కుటుంబాలకో చెందినవని తేలింది. మన దగ్గరి ఉదాహరణ కూడా ఉంది. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ హెపటైటిస్-బి టీకా తయారుచేసింది పికియా పాస్టోరిస్ అనే ఈస్ట్‌తో. ఆ పేరుతో పరిశ్రమలో ఎక్కువగా వాడే స్ట్రెయిన్లు ఇప్పుడు కొమగాటెల్లా ఫాఫీ.

ఆస్పత్రుల్లో కాండిడా క్రూసీ అనేదే, ఆహార పులియబెట్టడంలో పికియా కుద్రియావ్‌జెవీ. 2018లో మొత్తం జన్యుక్రమాలు పోల్చి, రెండూ ఒకటేనని రూఢి చేశారు. దీనిపై ఫ్లుకోనజోల్ అనే ఫంగస్ మందు పనిచేయదు. వార్డులో డాక్టర్‌కి ఈ సంగతి గుర్తొచ్చేది పాత పేరు చూస్తేనే. అందుకే నేను రిపోర్టులో కొత్త పేరు రాసి, బ్రాకెట్లో పాత పేరు, దాని కింద పోల్చిన టైప్ స్ట్రెయిన్ నంబరు, ఎన్ని అక్షరాల్లో ఎన్ని తేడాలొచ్చాయో రాస్తాను. శాతం అడిగితే అప్పుడు చెబుతాను.